పసుపు పూసిన కార్డు

శుక్రవారం పొద్దున ఓబులమ్మ ఇంట్లో పూజ ఎట్లా జరుగుతుందో ఒకసారి చూడండి. గూట్లో నరసింహస్వామి పటం ఉంది, దాని పక్కన అత్త కాలంనాటి ఇత్తడి దీపం ఉంది, ఆ రెండింటి నడుమ గోడకు ఆనించి ఒక అట్టకార్డు ఉంది. ఓబులమ్మ తలంటుకుని వచ్చి, పటానికి బొట్టు పెట్టి, దీపానికి బొట్టు పెట్టి, అదే వేలితో కార్డుకు కూడా ఇంత పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని మొక్కుతుంది. చూసినవాళ్ళకు ముచ్చటేస్తుంది. కూడు పెట్టే పనికి గుర్తు కదా ఆ కార్డు, పాపం ఎంత విశ్వాసం అనుకుంటాం. మనం అలా ముచ్చటపడి ఊరుకోవటంలోనే ఎంత రోత దాగి ఉందో చెప్పటానికే ఈ కథ.

అది సర్కారు వారి కార్మికుల బీమా కార్డు. గోరంట్ల దారిలో, టౌను దాటగానే కనబడే నూలు మిల్లులో ఓబులమ్మకు పని. అక్కడ పర్మనెంటు అయిన ప్రతి ఒక్కరికీ ఆ కార్డు ఇస్తారు. నెలనెలా జీతంలో ఇంత అని కోసుకుంటారు. దానికి బదులు మనిషికీ, మనిషి ఇంటివాళ్ళకీ జబ్బు చేస్తే మందులు, చూపు తగ్గితే అద్దాలు, అన్నీ బీమా ఆసుపత్రి చూసుకోవాలి. ఎనిమిదేళ్ళ కిందట కార్డు చేతిలో పెడుతూ మిల్లు గుమాస్తా ఒక్కటే మాట చెప్పాడు, జాగ్రత్త, పోగొట్టుకుంటే మళ్ళీ ఇయ్యరు అని. దేనికి వాడాలో చెప్పలేదు, ఎక్కడ చూపించాలో చెప్పలేదు. జాగ్రత్త అన్నాడు కాబట్టి ఓబులమ్మ తన ఇంట్లో అన్నింటికంటే జాగ్రత్తయిన చోట పెట్టింది. దేవుడి గూట్లో పెట్టింది. దేవుడి గూట్లో పెట్టినదానికి బొట్టు పెట్టకుండా ఎట్లా ఉంటారు?

ఆమె ఒక్కతే కాదు. మిల్లులో కోన్లు చుట్టే సెక్షను ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ కార్డు దేవుడి దగ్గరే ఉంది. దసరాకు ఆయుధపూజ అంటే ఆ సీమలో మామూలు పండగ కాదు, బస్సులకూ లారీలకూ మిల్లు మిషన్లకూ అరటి పిలకలు కట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టనిది చక్రం కదలదు. ఆ రోజు ఆడవాళ్ళంతా కార్డులు కొంగున కట్టుకొచ్చి, ఒకే పళ్ళెంలో పేర్చి, మిషను ముందర రెంచీల పక్కన, కత్తెరల పక్కన పెట్టి పూజ చేస్తారు. పండగ సెలవు కాగానే రెంచీని వాడతారు, కత్తెరను వాడతారు. కార్డును మాత్రం మళ్ళీ కొంగున కట్టుకుపోయి గూట్లో పెడతారు.

ఎనభైమూడో సంవత్సరం దసరాకు ముందు ఓబులమ్మకు కష్టం వచ్చి పడింది. ఆమె పని ఏమిటంటే, కండెల్లోంచి నూలు కోన్ల మీదికి పరుగెడుతూ ఉంటే, తెగిన పోగును గభాలున పట్టుకుని ముడివేసి వదలాలి. పొద్దంతా అదే. నలభై దాటేసరికి ఆమె చూపుకు విచిత్రమైన తెగులు పట్టింది. దూరాన గుట్ట మీద మేక కనబడుతుంది, చేతిలో పోగు కనబడదు. కొన్నాళ్ళు వేళ్ళతో తడుముకుని లాగించింది. అట్లా తడిమి వేసిన ముడి లావయింది, లావు ముడి మగ్గంలో తెగింది, కొన్నవాళ్ళు బూతులు తిట్టి కోన్లు వెనక్కి పంపారు. మేస్త్రీ పాపన్న చెడ్డవాడేం కాదు, కానీ పైనుంచి తిట్లు పడ్డవాడు, ఆమె మిషను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ కోన్లు ఎనక్కొస్తాండాయి ఓబులక్కా. పైనోళ్ళు నన్ను తింటాండారు. దసరా అయినంక సోమవారం షిఫ్టుకు కండ్లద్దాలతో రా. ల్యాకుంటే చెత్తదూది గదిలోకి పో. నేను జేసేది ఏమీ ల్యా."

చెత్తదూది గది అంటే ఏమిటో మిల్లులో అందరికీ తెలుసు. నేలమీద రాలిన దూది ఏరి, దుమ్ము దులిపి మూటలు కట్టే గది. అక్కడి వాళ్ళు దినకూలీలు, ఉంటే పని, లేకుంటే లేదు. మిల్లు జాబితాలోంచి పేరు పోతుంది, పేరుతో పాటు కార్డు పోతుంది. చూడండి ఎంత చక్కని ఏర్పాటో. అద్దాలు లేకపోతే పని పోతుంది, పని పోతే అద్దాలిచ్చే కార్డు పోతుంది. ఇంట్లో ఆమె మొగుడు లింగన్న మూడెకరాల మెట్టలో చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసి, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే, ఎండిన చెట్లు పీకి గొడ్లకు వేస్తున్నాడు. ఆ ఏడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఓబులమ్మ ముడుల మీదనే.

కార్డు చూపిస్తే బీమా ఆసుపత్రిలో అద్దాలిస్తారని మిల్లు గేటు దగ్గర ఎవరో అనగా విని, సరే, కార్డు ఉంది కదా, దేవుడే ఇచ్చాడు అనుకుని, ఆ గురువారం ఓబులమ్మ సెలవు పెట్టి, గూట్లోంచి కార్డు తీసి కళ్ళకద్దుకుని బీమా ఆసుపత్రికి పోయింది.

ఆ ఆసుపత్రి వరండా గోడ నిండా, నడుమెత్తు దాకా, వక్కాకు ఉమ్మి. దాని పైన 'ఉమ్మరాదు' అని రాసి ఉంది. దూరపు చూపు బాగున్న ఓబులమ్మ, మూడో తరగతి దాకా చదువుకున్నది కాబట్టి, వరుసలో నిలబడి ఆ అక్షరాలను కూడబలుక్కుని చదువుకుంది. ఆమె వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కిటికీ వెనక గుమాస్తా కార్డును రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పాడు. ఎనిమిదేళ్ళ పసుపు పొరలు పొరలుగా పేరుకుని ఉంది, నంబరు ఉండాల్సిన చోట ఎండిన కుంకుమ గడ్డకట్టి ఉంది.

"ఇది కార్డా, పొంగలి తిని పారేసిన ఆకా?" అన్నాడు. "నంబరు యాడుండాది దీంట్లో?"

వెనక వరుసలో వాళ్ళు నవ్వారు. సిగ్గుతో ఓబులమ్మ కూడా నవ్వింది. గుమాస్తా కార్డును బయటికి విసిరి, వేళ్ళకంటిన పసుపును కిటికీ చెక్కకు రాసుకున్నాడు. ఆ చెక్కంతా అప్పటికే పసుపు మరకలు. అంటే ఇట్లా వచ్చి తిరిగిపోయినవాళ్ళు ఎంతమందో. ఆ మాట ఓబులమ్మకు ఆ రోజు తోచలేదు, తలదించుకుని మిల్లుకు పోయి, ఆఫీసులో బతిమాలి తన నంబరు చీటీ మీద రాయించుకుని, మళ్ళీ గురువారం వచ్చింది. గురువారమే ఎందుకంటే కంటి డాక్టరు అనంతపురం నుంచి వచ్చేది గురువారం. ఆ గురువారం ఆయన వచ్చాడు, వరుస చూశాడు, ఎండ చూశాడు, వచ్చిన బస్సుకే తిరిగిపోయాడు. కళ్ళు చూసినవాడు లేడు, దీపం వేసి చూసినవాడు లేడు. కాంపౌండరు ఆమె మొహం వంక కూడా చూడకుండా 'అద్దాలు ఇవ్వవలెను' అని గీకి చేతిలో పెట్టాడు. ఎక్కడిస్తారయ్యా అని అడిగితే, సర్కారు ఒప్పుకున్న అంగడి టౌన్లో ఉండాది, ఎతుక్కో పో అన్నాడు. ఏ అంగడో చెప్పటానికి ఆయనకు నోరు నొప్పి.

ఇక ఓబులమ్మ వెతుకులాట చూడండి. బజారులో మొదటి అంగడి గడియారాలు, అద్దాలు రెండూ అమ్మేది. అతను చీటీ చూసి, నిరుడు దాకా తీసుకునేవాణ్ణి, సర్కారు దుడ్లు పంపక మానేశాను, నేను కూడా పెళ్ళాంబిడ్డలున్నవాణ్ణే అని సాగనంపాడు. అతను కనీసం నిజం చెప్పాడు. రెండో అంగడిలో చలవరాతి మెట్లు. ఆమె మెట్టెక్కగానే పనివాడు అడ్డం వచ్చి, కార్డోళ్ళు అంగడి కట్టేసేముందు రావాలి, అదీ సందులో నుంచి రావాలి, ఇప్పుడు పెద్దోళ్ళు వస్తారు అన్నాడు. పొద్దు గూకే దాకా సందులో మోరీ పక్కన, కుళ్ళిన కాయగూరల కంపులో ఆమె నిలబడింది. ఆఖరుకు యజమాని తలుపు సందులోంచి ఒక అట్టపెట్టె బయటికి తోశాడు. పెట్టె నిండా పాత అద్దాలు. కాళ్ళు విరిగినవి, దారంతో కట్టినవి, ఎవరో చచ్చినవాళ్ళ ఇళ్ళ నుంచి ఏరుకొచ్చినట్టున్నవి. వీటిలో ఏదో ఒకటి తగిలించుకుని పో, చీటీ మీద వేలిముద్ర వెయ్యి అన్నాడు. ఒకటి తీసి పెట్టుకోబోతే దాని ముక్కు దగ్గర ఎవరిదో పాత చెమట నల్లగా గట్టిపడి ఉంది. ఓబులమ్మ దాన్ని తిరిగి పెట్టెలో పడేసింది. పెట్టె అక్కడే పెట్టి వచ్చేసింది.

మూడోది బస్టాండు పక్కన హనుమంతరాయుడి అంగడి. అయ్యా, ఇతనితోనే అసలు కథ. ఇతను కసరలేదు, సందులోకి పొమ్మనలేదు. రాక్కా, కూచో అన్నాడు. పనివాణ్ణి పంపి గోలీసోడా తెప్పించాడు. రెండు మూడు అద్దాలు మార్చి మార్చి చూసి, నల్లని కొత్త ఫ్రేము ఒకటి ఆమె ముక్కు మీద నిలిపి, ఇప్పుడు చూడు అన్నాడు. ఓబులమ్మ కొంగులోంచి ఒక నూలుపోగు పీకి కళ్ళ ముందు పట్టుకుంది. పోగు కనబడింది. పోగు ఒంటికున్న మెలిక కూడా కనబడింది. ఆ మెలిక చూసి ఎన్నేళ్ళయిందో, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హనుమంతరాయుడు మెల్లగా అద్దాలు తీసేసుకున్నాడు. ఆమె ముక్కు తగిలిన చోటును బట్టతో రెండుసార్లు తుడిచాడు.

అప్పుడు ఫ్యాను తిరిగి గోడ మీది కేలెండరు లేచింది. దాని వెనక నీలిరేకు బోర్డు ఒకటి మేకుకు వేలాడుతోంది. దూరపు చూపు కదా, ఓబులమ్మ చదవగలిగింది. 'ఇక్కడ బీమా కార్డుదారులకు కళ్ళద్దాలు ఇవ్వబడును.' కేలెండరు మళ్ళీ కిందికి వాలింది.

"నీ ఒక్క కార్డుకు ఇస్తే నాకేం మిగుల్తాదక్కా?" అన్నాడు హనుమంతరాయుడు, సొంత తమ్ముడిలాగా ముందుకు వంగి. "సర్కారోళ్ళు ఏడాదికొక తూరి పంపిస్తారు, అది గూడా సగం. ఒక పని జెయ్యి. మీ మిల్లు ఆడోళ్ళ కార్డులు ఒక పది పట్టుకొచ్చియ్యి. ఒక్క పూట నా దగ్గర పెట్టుకుని ఇచ్చేస్తా. పదిమందికీ అద్దాలిచ్చినట్టు రాసుకుంటా. నీకు ఇవే అద్దాలు, పెట్టెతో సహా."

"వాళ్ళకు?"

"వాళ్ళు అడిగినారా అద్దాలు? గూట్లో పెట్టి మొక్కే కార్డే గదక్కా. మొక్కుకుంటానే ఉంటారు, వాళ్ళకు తెలిసేది ల్యా, నొచ్చేది ల్యా."

అంటే అతనికి తెలుసు. మిల్లు ఆడవాళ్ళ గూళ్ళలో ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో అంతా తెలుసు. తెలిసి చెప్పాల్సింది పోయి, ఆ తెలియనితనం మీదనే అంగడి తెరిచి కూచున్నాడు. ఓబులమ్మ సోడా సగం తాగి సీసా కింద పెట్టి, ఏమీ అనకుండా లేచి వచ్చేసింది. కానీ ఏమీ అనలేదు అంటే వద్దు అన్నట్టు కాదు. దారి పొడుగునా ఆమె కళ్ళ ముందు పోగు మెలికే ఆడింది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఎండిన చెనిక్కాయ చెట్లు కట్టలు కడుతున్న లింగన్న చేతిలో కట్టకు ముడి బిగించాడు. తరవాత, ఎవురికి నష్టం, వాళ్ళేమన్నా ఆ కార్డులు వాడ్తాండారా అన్నాడు. అతను దొంగ కాదు, జన్మలో ఒకరి సొమ్ము ముట్టినవాడు కాదు. అదీ రోత అంటే. దొంగతనం మంచివాళ్ళ నోట కూడా న్యాయంలాగా వినబడటం. ఓబులమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఆయుధపూజ. కార్డుల పళ్ళెం చూసుకునేది సెక్షనులో అందరికంటే పెద్దదయిన ఓబులమ్మే, పళ్ళెం మిషను దగ్గరే ఉండి సెలవు అయ్యి మిల్లు తెరిచాక గానీ ఎవరి కార్డు వాళ్ళకు పోదు. దేవుడే దారి చూపించినట్టుంది కదా. ఆమె కూడా అట్లాగే అనుకుని, బట్టసంచి ఒకటి మడిచి నడుముకు దోపుకుని మిల్లుకు పోయింది.

మిషన్లు కడిగి తుడిచారు, అరటి పిలకలు కట్టారు, పాపన్న గుమ్మడికాయ కొట్టాడు, కుంకుమతో ఎర్రబడ్డ ముక్కలు నలుదిక్కులా చెదిరాయి. అందరూ బొరుగులు బెల్లం పంచుకోవటానికి బయటి చెట్టు కిందికి పోయారు. ఓబులమ్మ పళ్ళెం దగ్గర ఒంగింది. కార్డులన్నీ ఒకే రంగు, ఒకే పసుపు, ఏది ఎవరిదో ఆమె చూపుకు ఎట్లాగూ తెలియదు, తెలియకపోవటమే మేలనుకుని ఒక్కొక్కటే తీసి సంచిలో వేస్తోంది. వేస్తూ వేస్తూ ఉంటే ఒక కార్డు చేతికి వేరుగా తగిలింది. పసుపు జిడ్డు లేదు. పొడిగా, గరుకుగా ఉంది. కళ్ళకు దూరంగా చెయ్యి చాచి పట్టుకుని చూసింది. తెల్లగా ఉంది. విభూతి.

అది అదే సెక్షనులో పనిచేసే అక్కమ్మ కార్డు. వేరెవరిదీ కావటానికి లేదు. మొగుడు తిప్పయ్య పోయాక, ఇక నేను కుంకుమ ముట్టే మనిషిని కాదని, అక్కమ్మ కార్డుకు విభూతి పెడుతోంది.

తిప్పయ్య ఎట్లా పోయాడో ఓబులమ్మకు తెలుసు, పక్క వీధే. ఏడాది పొడుగునా దగ్గాడు. ఊళ్ళో సూదిమందు వేసేవాడి దగ్గరికి తిప్పారు, మేకలు అమ్మారు, కమ్మలు కుదువ పెట్టారు. ఆఖరుకు బెంగుళూరు పెద్దాసుపత్రికి పోదామని బస్టాండుకు తెచ్చేసరికి, అక్కడ సిమెంటు అరుగు మీదనే పాణం పోయింది. భార్యకు కార్డు ఉంటే మొగుడికి కూడా మందులు వస్తాయి. ఆ ఏడాదంతా కార్డు అతని తలాపునే గూట్లో ఉంది, ప్రతి శుక్రవారం కొత్త బొట్టు పెట్టించుకుంటూ ఉంది.

ఓబులమ్మ ఆ కార్డును పళ్ళెంలో పెట్టేసింది. మిషను పట్టుకుని నిలబడింది. గుమాస్తా మీద రోత, డాక్టరు మీద రోత, హనుమంతరాయుడి సోడా మీద రోత, అన్నింటికంటే తన నడుముకున్న సంచి మీద రోత. అతను పదిమంది అని ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ పదిమందిలో అక్కమ్మ ఉంటుందని, చచ్చిన తిప్పయ్య ఉంటాడని తాను ఎట్లా మరిచిపోయింది?

సంచిలోవన్నీ తీసి పళ్ళెంలో పెట్టి, పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని చెట్టు కిందికి పోయింది. బొరుగులు తింటున్నవాళ్ళు, పూజ కదలకూడదు కదా, పళ్ళెం ఎందుకు తెచ్చావని కేకలేశారు. ఆమె దాచకుండా అంతా చెప్పేసింది. హనుమంతరాయుడు ఏం అడిగాడో చెప్పింది, తాను సంచిలో ఎన్ని వేసుకుందో చెప్పింది. ఆమె పక్క మిషను మనిషి తిప్పమ్మ, నోరున్న మనిషి, ముందుగా తేరుకుంది.

"మా కార్డులు అమ్ముకోను పోతివేమే? మళ్ళ మాకే చెప్తాండావే."

"అమ్ముకోనే పోతి," అంది ఓబులమ్మ. "తిట్టు, కొట్టు, పడతా. ముందు ఒక్క మాట చెప్పండి. ఎవురన్నా ఒక్కరు, ఒక్క తూరి, ఈ కార్డు తీసుకపోయి ఒక మాత్ర తెచ్చుకున్యారా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె, పోయినాను, పసుపని తిట్టి పంపించినారు అంది. ఇంకొకామె, నేను కూడా అంది. ఇంకా ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇన్నేళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేదు. సిగ్గుపడి ఇంటికి పోయి కార్డును మళ్ళీ గూట్లో పెట్టి, తప్పు చేసినట్టు ఇంకొంచెం ఎక్కువ పసుపు పెట్టారు.

అక్కమ్మ లేచి వచ్చి పళ్ళెంలోంచి తన తెల్లని కార్డు తీసుకుంది. ఏడవలేదు. అందరికీ వినబడేటట్టు, నిదానంగా చెప్పింది.

"మా ఆయప్ప దగ్గేటప్పుడు ఇది వాని తలకాడనే ఉండె. వాన్ని బాగుజెయ్యమని నేను దీనికే మొక్కుకుంటి. ఇది మందులిచ్చే కార్డని నాకు ఎవురూ చెప్పల్యా. నెలనెలా కోసుకునేటోడు చెప్పల్యా, దీన్ని చూసి నగినోడు చెప్పల్యా." కొంగుకొన నోట తడుపుకుని, విభూతిని రుద్దటం మొదలుపెట్టింది. "ఇంగ దీనికి మొక్కేది ల్యా."

పూజ పళ్ళెంలోని కార్డును ఎంగిలి కొంగుతో తుడవటం. ఇంకొక రోజయితే అందరూ చెంపలు వేసుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ వేసుకోలేదు. ఒక్కొక్కరే వచ్చి తమ కార్డు వెతుక్కుని గోటితో గీకటం మొదలుపెట్టారు. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలి బొరుగుల్లో పడింది. కొన్నింటికి నంబరు బయటపడింది, కొన్నింటికి పసుపుతో పాటు అట్ట కూడా లేచిపోయింది. వెనక నిలబడి చూస్తున్న మేస్త్రీ పాపన్న జేబులోంచి తన కార్డు తీశాడు. చెయ్యి బారెడు దూరం చాచి, కళ్ళు చికిలించి నంబరు చదవబోయి, చదవలేక ఆగిపోయాడు. అందరూ అది చూశారు. చూశారని అతనికి తెలిసింది.

"సోమవారం అంటిని గదా ఓబులక్కా," అన్నాడు తల గోక్కుంటూ. "అద్దాలొచ్చే దాకా నీ మిషను ఎవురికీ ఇయ్యను. నాకు గూడా ఒక జత చూడండి."

పండగ మరునాడు మిల్లు సెలవు. ఆ పొద్దున బస్టాండు పక్క అంగడి తెరుస్తూనే హనుమంతరాయుడికి ఎదురుగా కోన్ల సెక్షను ఆడవాళ్ళంతా కనబడ్డారు. అతను మొదట ఓబులమ్మను చూసి నవ్వాడు, పది అడిగితే ఇన్ని తెచ్చిందే అనుకున్నాడేమో. తరవాత ఒక్కొక్కరి చేతిలో ఎవరి కార్డు వాళ్ళకే ఉండటం చూసి నవ్వు ఆపేశాడు. ఎవరూ గొడవ చేయలేదు. అద్దాలు కావాలన్నారు. ఈ అంగడిలో కార్డులకు ఇయ్యరని, ఎవరో తప్పు చెప్పారని అతను సాగదీస్తుంటే, ఓబులమ్మ లోపలికి పోయి కేలెండరు తీసి పక్కన పెట్టి, నీలిరేకు బోర్డును మేకు నుంచి ఊడదీసి తిప్పమ్మకు అందించింది. తిప్పమ్మ దాన్ని నెత్తిమీద దేవరను మోసినట్టు మోసుకొచ్చి, వీధిలో అందరికీ కనబడేటట్టు అంగడి తలుపుకు తగిలించింది. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు చుట్టూ చేరి చదువుతున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన, ఇది ఇన్నేండ్లు యాడ పెట్టుకున్యావప్పా అని అడిగాడు. హనుమంతరాయుడు చటుక్కున లోపలికి పోయాడు. కుర్చీ తెచ్చి వేసి, మొదట ఎవరు కూచుంటారక్కా అన్నాడు. పది కార్డులు తెమ్మన్ననాటి గొంతే అది, అదే తియ్యదనం. వీధి చూస్తోంది కాబట్టి మంచివాడయ్యాడు, అంతే.

ఇక్కడితో అంతా బాగయిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. అట్ట లేచిపోయిన కార్డుల వాళ్ళు మారు కార్డుల కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. గురువారం డాక్టరు వస్తే వచ్చాడు, లేకపోతే లేదు. అక్కమ్మకు అద్దాలు వచ్చాయి, తిప్పయ్య రాడు.

ఓబులమ్మ అద్దాలు వారం తరవాత వచ్చాయి. అంగడి మెట్టు మీదనే పెట్టుకుని చూసింది. నల్లని కొత్త ఫ్రేము కాదు, చవకరకందే, కానీ తన కళ్ళకు చూసి చేసింది. అద్దాలు రాగానే లోకం అందంగా కనబడిందని చెప్పాలనే ఉంది నాకు. కానీ ఆమెకు ముందు కనబడింది మురికి. అద్దాల బీరువా మూలల్లో చచ్చిన ఈగలు కనబడ్డాయి, అక్కడున్న సోడా సీసా మూతి చుట్టూ జిడ్డు కనబడింది. చేతిలో తన కార్డు కనబడింది, దాని అంచుల్లో గోరుకు అందని పాత పసుపు, నల్లబడిన కుంకుమ. అంత దగ్గరగా దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఎన్నేళ్ళు చేసిన పూజ, ఎంత గలీజు.

ఇంటికి వచ్చాక ఆ శుక్రవారం, గూట్లో పటానికీ దీపానికీ బొట్టు పెట్టింది. నడుమ గోడ మీద కార్డు ఆనించిన చోట పసుపు రంగు చదరం ఒకటి మిగిలి ఉంది. లింగన్న గుమ్మంలో నిలబడి, కార్డు యాడుండాది అని అడిగాడు. ఆమె కొంగుముడి తట్టి చూపించింది.

"ఈడ ఉండాది," అంది. "దేవునికి మొక్కుదాం, ఆయప్ప మనల్ని దుడ్లడగల్యా. మన చెమట కోసుకుని ఇచ్చిన దీన్ని మాత్రం గూట్లో పెట్టకూడదు, బల్ల మీద పెట్టి అడగాల."